కస్టమ్స్ వర్గీకరణ, ఐదవ పాఠం: విద్యుత్ వంట పరికరాలు, 8516 శీర్షిక సరిహద్దులు

గత పాఠంలో, సరుకులకు అంకెల కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ వర్గీకరణ పద్ధతి అయిన హార్మోనైజ్డ్ సిస్టమ్‌కు చెందిన ఆరు సాధారణ వ్యాఖ్యాన నియమాలను చదివాము. వాటిని విద్యుత్తుతో పనిచేసే వంట పరికరాలకు ఎలా వర్తింపజేయాలో ఈ పాఠంలో చూద్దాం. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహిస్తున్న ఈ పద్ధతి 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కోడ్‌లోని మొదటి ఆరు అంకెలు దీన్ని పాటించే దేశాలన్నింటికీ ఉమ్మడివి, ఆ తర్వాతి అంకెలను ఏ దేశానికి ఆ దేశం చేర్చుకుంటుంది. ఈ పాఠంలో చెప్పేదంతా 2022 కూర్పులోని ఆరు అంకెల వరకే. సుంకం రేటు తెలియాలంటే దిగుమతి చేసుకునే దేశపు టారిఫ్‌ను, అంటే సుంకాల పట్టికను, తెరిచి చూడవలసిందే.

వంట పరికరం అనగానే చాలామంది నేరుగా 8516 అనే నాలుగంకెల శీర్షిక దగ్గరికి వెళతారు. ఆ శీర్షిక వాక్యంలో నీళ్లు వేడిచేసే పరికరాలు, జుట్టు ఆరబెట్టే యంత్రాలు, ఇస్త్రీ పెట్టెలు కూడా ఉన్నాయి. మనకు కావలసిన భాగం మాత్రం, గృహావసరాలకు వాడే తరహాకు చెందిన ఇతర విద్యుత్ ఉష్ణ పరికరాలు అన్నది. ఇందులో కీలకమైన మాట 'తరహా'. పరికరాన్ని ఎవరు కొన్నారు, ఎక్కడ పెట్టారు అన్నదానిని శీర్షిక అడగదు, ఆ పరికరం ఇళ్లలో మామూలుగా వాడే రకమా కాదా అని మాత్రమే అడుగుతుంది. ఇంటి కోసం తయారైన మైక్రోవేవ్ ఓవెన్‌ను ఒక హోటల్ వంద సంఖ్యలో తెప్పించుకున్నా అది 8516 లోనే ఉంటుంది. అలాగే వాణిజ్య వంటశాలల కోసం రూపొందించిన భారీ ఆవిరి పాత్రను ఒక ధనికుడు తన ఇంట్లో అమర్చుకున్నంత మాత్రాన అది గృహోపకరణం కాదు. అందువల్ల వర్గీకరించే వ్యక్తి మొదట చూడవలసింది కొనుగోలుదారు చిరునామాను కాదు. పరిమాణం, విద్యుత్ సామర్థ్యం, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, నిరంతరాయంగా నడపడానికి తగిన నిర్మాణం ఉందా, తయారీదారు కరపత్రం దాన్ని ఎవరికి ఉద్దేశించింది, ఇవన్నీ కలిపి చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను తీర్పు చెప్పదు. త్రీ ఫేజ్ కనెక్షన్ కోరే గృహ ఓవెన్లు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

గృహ తరహా కాదని తేలితే రెండు దారులు ఉంటాయి. పారిశ్రామిక లేదా ప్రయోగశాల తరహా విద్యుత్ కొలుములు, ఓవెన్లు 8514 కు వెళతాయి. బేకరీలకు తయారుచేసిన పెద్ద విద్యుత్ ఓవెన్ ఈ దారిలో నడుస్తుంది. ఓవెన్ కాకుండా, ఉష్ణోగ్రతను మార్చడం ద్వారా ఆహారాన్ని ఉడికించే లేదా వేడిచేసే వాణిజ్య యంత్రాలకు 8419.81 ఉంది. 8419 శీర్షిక తన వాక్యంలోనే 8514 కు చెందిన ఓవెన్లను మినహాయిస్తుంది, కాబట్టి ముందు 8514 ను పరిశీలించి, అక్కడ కుదరకపోతేనే 8419 వైపు రావడం క్షేమం. ఇక గ్యాస్‌తో మండే ఇనుప లేదా ఉక్కు పొయ్యి విద్యుత్ పరికరం కాదు గనుక దానికి 7321 శీర్షిక ఉంది. మంట వెలిగించడానికి బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు ఉన్నంత మాత్రాన అది 8516 లోకి రాదు.

గృహ తరహా అని నిర్ణయించుకున్న తర్వాత ఆరంకెల ఉపశీర్షికల పని మొదలవుతుంది. మైక్రోవేవ్ ఓవెన్లు 8516.50. ఇతర ఓవెన్లు, కుక్కర్లు, వంట పలకలు, మరిగించే రింగులు, గ్రిల్లర్లు, రోస్టర్లు 8516.60. కాఫీ లేదా టీ తయారీ పరికరాలు 8516.71, టోస్టర్లు 8516.72, మిగిలినవి 8516.79. ఇక్కడ నేర్చుకునేవారు తరచుగా 8516.60 ను నేరుగా 8516.79 తో పోల్చి, ఏది బాగా నప్పుతుందో తేల్చుకోబోతారు. సాధారణ వ్యాఖ్యాన నియమాల్లో ఆరవది దీన్ని ఒప్పుకోదు. ఒకే స్థాయిలో ఉన్న ఉపశీర్షికలనే పరస్పరం పోల్చాలి. 8516.60 ఒక గీత స్థాయిలో ఉంది, అంటే పట్టికలో దాని ముందు ఒకే గీత (-) ఉంటుంది. దానికి సమాన స్థాయిలో ఉన్నది 71, 72, 79 మూడింటికీ పైన నిలిచే 'ఇతర విద్యుత్ ఉష్ణ పరికరాలు' అన్న పంక్తి. కాబట్టి పరికరం ఓవెనో కుక్కరో గ్రిల్లరో అయితే 8516.60 దగ్గరే ఆగాలి, కాదని తేలాకనే 'ఇతర' గడప దాటి లోపల 71, 72, 79 లలో ఒకదాన్ని వెతకాలి. అన్నం వండే విద్యుత్ కుక్కర్ ఈ దారిలో 8516.60 లో స్థిరపడుతుంది, ఆగ్నేయాసియా దేశాల ఉమ్మడి టారిఫ్‌లో దానికి అక్కడే ప్రత్యేకమైన పంక్తి ఉంది. నీళ్లు కాచే కెటిల్‌ను మాత్రం అదే టారిఫ్ 8516.79 కింద చూపుతుంది.

గ్రిల్, వేడిగాలి సదుపాయాలు కూడా ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ విషయంలో ఉపశీర్షిక వాక్యమే దారి చూపుతుంది. 8516.60 చెప్పేది 'ఇతర' ఓవెన్ల గురించి. మైక్రోవేవ్‌తో వండడం ప్రధానంగా ఉన్న పరికరం ఆ 'ఇతర'లో చేరడం కష్టం. ఎయిర్ ఫ్రయర్ ఇంతకంటే చిక్కైనది. పేరులో ఫ్రయర్ అని ఉన్నా అది నూనెలో వేయించదు, మూసిన గదిలో వేడిగాలిని ఫ్యాన్‌తో తిప్పి వండుతుంది. పనితీరును బట్టి ఓవెన్ అనడానికి బలమైన ఆధారమే ఉందని నా అభిప్రాయం. పేరును బట్టి దాన్ని నూనె ఫ్రయర్లతో కలిపి 8516.79 లో పెట్టడం నియమాలకు తగిన పద్ధతి కాదు. అయితే ఇలాంటి సరుకులో అభిప్రాయం మీద ఆధారపడి ఓడ నిండా సరుకు తెప్పించుకోకూడదు. ప్రపంచ వాణిజ్య సంస్థ వారి వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22 న అమలులోకి వచ్చింది. అందులోని 3వ అధికరణం ప్రకారం, దిగుమతికి ముందే వర్గీకరణపై కస్టమ్స్ వారి నుంచి అడ్వాన్స్ రూలింగ్ (ముందస్తు నిర్ణయం) కోరవచ్చు. దరఖాస్తుతో పాటు పరికరం లోపలి అమరికను చూపే చిత్రం, ఏ భాగం ఏ పని చేస్తుందో చెప్పే వివరణ జతచేయాలి. అమ్మకం కోసం అచ్చువేసిన రంగుల కరపత్రం ఒక్కటీ చాలదు.

మోటారు, వేడి రెండూ ఉన్న యంత్రాలు మరో సరిహద్దు. మోటారుతో నడిచే గృహోపకరణాలు 8509 లో ఉంటాయి. ఆహారం రుబ్బే, కలిపే యంత్రాలు, రసం తీసేవి ఎంత బరువున్నా అందులోకే వస్తాయి, మిగతా గృహ యంత్రాలకు 20 కిలోల పరిమితి ఉంది. రుబ్బుతూనే ఉడికించే యంత్రం వస్తే 84, 85 అధ్యాయాలున్న పదహారవ విభాగపు 3వ గమనికను వాడాలి. దాని ప్రకారం ప్రధానమైన పని ఏదో దాన్ని బట్టి వర్గీకరించాలి. రెండు పనులూ సమానంగా ఉండి ప్రధానమైనది తేలకపోతే, సాధారణ వ్యాఖ్యాన నియమాల్లోని 3(సి) ప్రకారం సంఖ్యా క్రమంలో చివరిదైన 8516 ను తీసుకోవాలి.

విడిభాగాలను ఇన్‌వాయిస్‌లో ఒకే మాటతో రాసేవారికి ఇబ్బందులు ఎదురవుతాయి. మైక్రోవేవ్‌లో తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ 8540.71, వేడిచేసే తీగచుట్ట 8516.80, ప్లగ్గు బిగించిన విద్యుత్ తీగ 8544.42, థర్మోస్టాట్ 9032.10. ప్రత్యేకంగా ఆ ఓవెన్ కోసమే చేసిన తలుపు వంటివి మాత్రమే 8516.90 లో మిగులుతాయి. కానీ ఇవన్నీ కలిస్తే పూర్తి ఓవెన్ అయ్యేలా ఒకే సరుకుగా విప్పదీసి తెస్తే, 2(ఎ) నియమం దాన్ని బిగించిన ఓవెన్‌గానే లెక్కిస్తుంది.

కోడ్ దొరికినంత మాత్రాన దిగుమతి అనుమతి దొరికినట్టు కాదు. భద్రతా ప్రమాణాలు విడిగా వర్తిస్తాయి. చాలా దేశాల నిబంధనలకు ఆధారమైన, అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ (ఐఈసీ) వారి 60335 ప్రమాణ శ్రేణిలో గృహ మైక్రోవేవ్‌కు 2-25, వాణిజ్య మైక్రోవేవ్‌కు 2-90, టోస్టర్లు, గ్రిల్లుల వంటి వాటికి 2-9, ద్రవాలను వేడిచేసే వాటికి 2-15 భాగాలు ఉన్నాయి. 2450 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మైక్రోవేవ్‌కు రేడియో అంతరాయ పరిమితులు, వైఫై ఉన్న పరికరానికి రేడియో అనుమతి కూడా అవసరం కావచ్చు. ఇక్కడ అధికారులు గమనించే విషయం ఒకటి ఉంది. సరుకును 8514 కింద ప్రకటించి, పరీక్షా నివేదిక మాత్రం గృహ పరికరాల 2-25 ప్రకారం చూపితే ప్రశ్న తప్పదు. ప్రమాణాల విభజన కస్టమ్స్ విభజనను శాసించదు, కానీ రెండు పత్రాలు రెండు కథలు చెబితే వాటి మధ్య తేడాను వివరించవలసింది దిగుమతిదారే.

సాధన కోసం రెండు సమస్యలు ఇస్తున్నాను. పైన నాలుగు గ్యాస్ బర్నర్లు, కింద విద్యుత్ ఓవెన్ ఉన్న గృహ పరికరాన్ని 7321, 8516 లలో దేనికింద పెట్టాలి, ఏ నియమం ఆధారంగా? ఒక ఇండక్షన్ స్టవ్‌ను ఒక ఉక్కు బాణలితో కలిపి అమ్మకపు పెట్టెలో అమర్చి పంపితే అది ఒకే సెట్టు అవుతుందా, లేక రెండు సరుకులా? 3(బి) నియమం సెట్టుకు విధించే షరతులను ముందు రాసుకుని, ఆ తర్వాతనే జవాబు రాయండి. రెండింటికీ జవాబులు ఆరవ పాఠం మొదట్లో ఉంటాయి, ఆ తర్వాత ఇదే సరుకుకు కస్టమ్స్ విలువ ఎలా కట్టాలో నేర్చుకుంటాము.