బాల్కనీ శ్లాబుకు గిలకల దండెం బిగించాలంటే

బట్టలారేసే పైపులను తాళ్లతో పైకీ కిందికీ లాగే ఆరు పైపుల గిలకల హ్యాంగర్ (దండెం) బిగించడానికి రెండు గంటలు చాలు. అందులో సగం సమయం శ్లాబుకు నాలుగు రంధ్రాలు సరిగ్గా వేయడానికే పోతుంది. హ్యాంగర్ ఊడిపడితే తప్పు చాలాసార్లు ఆ రంధ్రాలదే.

బాల్కనీ పొడవును ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచి, దానికంటే కనీసం అడుగు తక్కువ పొడవున్న పైపులు తీసుకోండి. గిలకలు చూసి కొనండి. పలచటి ప్లాస్టిక్‌వి విజయవాడ, గుంటూరు ఎండలకు పెళుసెక్కి విరుగుతాయి. పైపు పొడవు ఆరడుగులైతే రెండు బ్రాకెట్ల (శ్లాబుకు బిగించే గిలకల పట్టీల) మధ్య ఐదడుగులు ఉంచాలి. పిట్టగోడ వైపు చివరి పైపు అడుగున్నర లోపలికి ఉంటే వాన జల్లు బట్టల మీదికి అంతగా రాదు.

శ్లాబులో లైటుకు వెళ్లే వైరు పైపు ఉంటుంది. లైటు పాయింటు నుంచి స్విచ్ బోర్డు దిశగా ఉన్న దారిని వదిలేసి గుర్తులు పెట్టండి. మెయిన్‌లో బాల్కనీ ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి, డ్రిల్‌ను వేరే గది సాకెట్ నుంచి నడపండి.

హ్యామర్ డ్రిల్ తప్పనిసరి. స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే 8 ఎంఎం ప్లాస్టిక్ ప్లగ్గుకు 8 ఎంఎం బిట్టే వాడాలి. ప్లగ్గు పొడవుకు మరో 5 ఎంఎం కలిపి బిట్టుకు టేపు చుట్టండి, అంతకు మించి లోతు అక్కర్లేదు. కాగితం కప్పుకు చిల్లు పెట్టి బిట్టుకు తొడిగితే పొడి కళ్లలో అంతగా పడదు. అయినా కళ్లద్దాలు పెట్టుకోవాలి. బిట్టు ఉన్నట్టుండి దిగడం మానేస్తే ఇనుప చువ్వ తగిలినట్టే. బలవంతంగా నొక్కకుండా రెండంగుళాలు పక్కకు జరగండి.

రంధ్రంలో పొడి మిగిలితే ప్లగ్గు పట్టు దొరకక జారుతుంది. సన్నటి బ్రష్షుతో గీకి, గాలి కొట్టి, మళ్లీ గీకండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని షీటుకు బిగించడం దండగ. పొడవాటి ఫాస్టెనర్ (రంధ్రంలో బిగుసుకునే ఇనుప బోల్టు) శ్లాబు దాకా చేరాలి. శ్లాబు పెచ్చులూడుతుంటే అక్కడ అసలు బిగించొద్దు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. తాళ్లు కట్టే కొక్కెం ఉన్న వైపు బ్రాకెట్ మీద భారం రెండోదానికంటే చాలా ఎక్కువ. అవతలి చివరి తాడు కూడా దీని గిలక మీదుగానే కిందికి దిగుతుంది కాబట్టి, మొదట ఊడేది ఇదే. ప్యాకెట్‌లో వచ్చిన ప్లాస్టిక్ ప్లగ్గులు కాకుండా ఇక్కడ ఇనుప ఫాస్టెనర్లు వేయండి. వాటికి ఎంత బిట్టు కావాలో షాపులోనే అడగండి.

కొక్కేన్ని గోడకు పిల్లలకు అందనంత ఎత్తున బిగించండి. ఒక్కో పైపుకు రెండు తాళ్లు. పైపును పైకి లాగి, రసమట్టం పెట్టి చూశాకే రెండింటినీ కలిపి ముడి వేయాలి. ముందే ముడి వేస్తే పైపు ఒక పక్కకు వాలి, తడి బట్టలన్నీ అటే జారతాయి. కొక్కేనికి తాడును 8 అంకెలా రెండు మూడు చుట్లు చుట్టండి.

చేత్తో పిండిన డబుల్ దుప్పటి రెండు కిలోల దాకా తూగుతుంది. అందుకే బట్టలు ఆరేసే ముందు ఒక్కో పైపుకు ఐదు లీటర్ల నీళ్ల బకెట్ తగిలించి రాత్రంతా వదిలేయండి. కింద ఎవరూ పడుకోకూడదు. తెల్లారి బ్రాకెట్‌కూ శ్లాబుకూ మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తే ప్లగ్గు జారినట్టే. స్క్రూ మళ్లీ బిగిస్తే సరిపోదు, పక్కన కొత్త రంధ్రం వేయాలి.