విద్యార్థులు నడిపే కళాశాల పత్రికకు, చానెల్‌కు సలహాదారుగా పనిచేయడం ఎలా

గోదావరి డెల్టా కళాశాలల్లో విద్యార్థుల మాధ్యమం అంటే ఏడాదికొకసారి వెలువడే కళాశాల సంచిక మాత్రమే అనుకునే రోజులు పోయాయి. గోడపత్రికతో పాటు యూట్యూబ్ చానెల్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, పాడ్‌కాస్ట్ కూడా విద్యార్థులే నడుపుతున్నారు. వీటన్నిటికీ ఒక అధ్యాపకుణ్ణి ఇన్‌చార్జిగా నియమిస్తూ ప్రిన్సిపాల్ సర్క్యులర్ ఇస్తారు. సాధారణంగా ఆ పేరు తెలుగు శాఖలోనో, ఇంగ్లీషు శాఖలోనో కొత్తగా చేరిన వారిది అవుతుంది. చేయవలసిన పని ఏమిటో, చేయకూడనిది ఏమిటో ఆ సర్క్యులర్‌లో ఉండదు. ఆ బాధ్యత తీసుకున్న అధ్యాపకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

నా దృష్టిలో పత్రికలో ఏమి రావాలో నిర్ణయించవలసింది విద్యార్థి సంపాదకులే. వారికి పని పద్ధతి నేర్పడం, చట్టం అడ్డువచ్చే చోటు ముందే చూపించడం, పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు వారికీ యాజమాన్యానికీ మధ్య నిలబడటం సలహాదారు పనులు. మిగిలిన సూచనలన్నీ ఈ విభజన నుంచే వస్తాయి.

మొదట నియమావళి

విద్యాసంవత్సరం మొదట్లో, ఏ వివాదమూ లేని సమయంలో, రెండు పేజీలకు మించని నియమావళి ఒకటి రాయించండి. సంపాదకులను ఎవరు ఎంపిక చేస్తారు, ఏ కారణంతో తొలగించవచ్చు, ఏది ప్రచురించాలనే తుది నిర్ణయం ఎవరిది, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, డబ్బు ఎవరి చేతి మీదుగా నడుస్తుంది అన్న విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ కళాశాల అయితే ప్రిన్సిపాల్, ప్రైవేటు కళాశాల అయితే ప్రిన్సిపాల్‌తో పాటు కరస్పాండెంట్ కూడా దానిపై సంతకం చేయాలి. ప్రిన్సిపాళ్లకు బదిలీలు అవుతాయి, కమిటీలు మారతాయి; సంతకమున్న కాగితం ఫైల్లో ఉంటే కొత్తగా వచ్చినవారితో మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. గొడవ మొదలైన తర్వాత అటువంటి కాగితం మీద ఎవరూ సంతకం చేయరు.

అదే సమయంలో ఏ మాధ్యమానికి ఏ అనుమతి కావాలో చూసుకోవాలి. 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న పత్రికలు, నియతకాలికాల నమోదు చట్టం, 2023 ప్రకారం, ప్రజా వార్తలను గానీ వాటిపై వ్యాఖ్యలను గానీ క్రమబద్ధమైన వ్యవధిలో ముద్రించి వెలువరించే ప్రచురణ నియతకాలికం కిందికి వస్తుంది. పుస్తకాలు, విజ్ఞాన, సాంకేతిక, విద్యాసంబంధ జర్నళ్లు దాని కిందికి రావు. విద్యార్థులు ఊరి వార్తలతో మాసపత్రిక అచ్చువేయాలని ముచ్చటపడితే, తొలి సంచిక ప్రెస్సుకు వెళ్లకముందే నమోదు సంగతి తేల్చుకోవాలి. దరఖాస్తులు ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా తీసుకుంటారు. రేడియో విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు ప్రాజెక్టు కోసం తయారుచేసిన చిన్న ట్రాన్స్‌మిటర్‌తోనైనా అనుమతి లేకుండా ఎఫ్‌ఎంలో ప్రసారం చేయకూడదు. ఒక ప్రాంతం వారి కోసం స్థానిక సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియోకు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ అనుమతి ఇస్తుంది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మొదలైన స్టేషన్ దేశంలో ఈ తరహాలో మొదటిది. ఈ స్టేషన్లు సొంత వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా వినిపించవచ్చు. అందువల్ల వార్తాసేకరణను అచ్చుకో, చానెల్‌కో ఉంచి, రేడియోలో వ్యవసాయం, ఆరోగ్యం, స్థానిక కళలు, విద్యార్థుల సంభాషణలు ప్రసారం చేయడం మేలు.

ముందుగా చదివి సంతకం పెట్టాలా?

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది సలహాదారులు దారి తప్పుతారు. ప్రతి వాక్యాన్నీ ప్రచురణకు ముందు తానే చదివి, నచ్చనిది కొట్టివేసి, సంతకం పెడితే కళాశాలకు రక్షణ అని వారు నమ్ముతారు. నేను ఆ పద్ధతిని గట్టిగా వ్యతిరేకిస్తాను. మాస్టారు ఎలాగూ చూస్తారన్న ధీమాతో విద్యార్థులు తాము సరిచూసుకోవడం మానేస్తారు. ఒక వ్యాసాన్ని ఆపిన సలహాదారు, ఆపని వ్యాసాలన్నిటినీ ఆమోదించినట్లే లెక్క కాబట్టి రేపు ఎవరికి కోపం వచ్చినా నేరుగా ఆయన పేరే చెబుతారు. అన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పత్రికలో చోటు దొరకని మాటలు ఆగిపోవు. సోషల్ మీడియాలో పేరులేని కన్ఫెషన్ పేజీలకు వెళతాయి. అక్కడ సంపాదకుడు ఉండడు, అవతలివారి వివరణ ఉండదు, తప్పును దిద్దేవారూ ఉండరు.

దానికి బదులు, ఏ విషయాలను ప్రచురణకు ముందు సలహాదారుకు చూపించాలో నియమావళిలోనే రాసిపెట్టండి: పేరు గల వ్యక్తిపై ఆరోపణ, మైనర్లు లేదా బాధితులు లేదా ఒకరి ఆరోగ్యం ప్రస్తావన, కులమతాల మధ్య ఉద్రిక్తతకు సంబంధించిన వార్త. వీటిని చదివి మీ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. నిర్ణయం సంపాదకులదే. చట్టాన్ని ఉల్లంఘించే అంశం కనబడితే మాత్రం ఆపే అధికారం మీకు ఉండాలి. కళాశాల పేరుతో వెలువడేదానికి కళాశాల కూడా బాధ్యత వహించవలసి వస్తుంది కాబట్టి ఇది న్యాయమే. అయితే ఆపినప్పుడు ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది కాగితం మీద రాయాలి. సెక్షన్ రాయలేకపోయిన సందర్భంలో, మీరు ఆపుతున్నది చట్టం కోసమా లేక ఎవరి మొహమాటం కోసమా అని మరోసారి ఆలోచించండి.

పద్ధతి నేర్పడం

వార్త రాసిన విద్యార్థిని కూర్చోబెట్టి, ఈ మాట ఎవరు చెప్పారు, నువ్వు చూశావా, అవతలివారిని అడిగావా అని ప్రతి వాక్యానికీ అడగడమే ఉత్తమమైన శిక్షణ. డెల్టాలో దీనికి ప్రతి ఏడూ గోదావరే పాఠం తెచ్చిపెడుతుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. వరద రోజుల్లో ‘రెండో హెచ్చరిక దాటేసింది’ అన్న వాట్సాప్ సందేశాన్ని కళాశాల పేజీలో పెట్టబోయే విద్యార్థి చేత, ఎన్ని అడుగులు, ఏ గంటకు, ఏ అధికారి ప్రకటన అన్న మూడింటినీ రాయించండి. లంక గ్రామాల నుంచి వచ్చే తోటి విద్యార్థుల కుటుంబాలు ఆ సమాచారాన్ని నమ్మి సామాను సర్దుకుంటాయి, పశువులను గట్టుకు తోలుకుంటాయి. ఒక్క అంకె తప్పితే నష్టపోయేది వారే.

వేసవికి కాలువలు కట్టేసే సమయానికి ఊళ్లలో మంచినీటి చెరువులు నిండాయా, రొయ్యల చెరువుల నీరు ఏ డ్రెయిన్లో కలుస్తోంది, హాస్టల్ మెస్ బిల్లు ఎందుకు పెరిగింది వంటి ప్రశ్నలు విద్యార్థి విలేకరులకు అందుబాటులో ఉన్న నిజమైన వార్తలు. వీటికి సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాయడం నేర్పండి. సాధారణంగా 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. రొయ్యల చెరువుల మీద రాసేటప్పుడు, ఆ చెరువుల మీదే ఆధారపడి ఫీజులు కట్టే తల్లిదండ్రులు అదే తరగతి గదిలో ఉన్నవారికి ఉన్నారన్నది గుర్తుచేయాలి. రాయడం మానమని కాదు, రైతుల మాట కూడా అడిగి రాయమని.

కులం పేరుతో గొడవ రాజుకునే అవకాశం ఉన్న వార్తకు మరింత నిదానం కావాలి. కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడంపై రేగిన గొడవ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లకు నిప్పు పెట్టేదాకా వెళ్లిన తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ సేవలను నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి రోజున విద్యార్థుల చానెల్ ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. నిర్ధారణ కాని వీడియో ఒక్కటి పెట్టినా ప్రమాదమే.

చట్టం గురించి విద్యార్థులకు చెప్పవలసినవి

భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా చూస్తుంది. రాసింది నిజం కావడంతో పాటు అది ప్రజల మేలు కోసం అయినప్పుడే మినహాయింపు వర్తిస్తుందని చెప్పండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది లైంగిక వేధింపుల వార్తల్లో. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు చేసిన 2013 నాటి చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన మహిళ, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, సాక్షుల వివరాలను, ఆ ఫిర్యాదు వినే అంతర్గత కమిటీ విచారణ విషయాలను బయటపెట్టకూడదు. కమిటీ ఏర్పాటైందా, దాని సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో పెట్టారా అన్నది మాత్రం రాయవచ్చు, రాయాలి కూడా. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం సంహితలోని 72వ సెక్షన్ కింద నేరం. పేరు తీసేసి ‘ఫలానా ఊరు, రెండో సంవత్సరం బీకాం’ అని రాసినా గుర్తింపు తెలిసిపోతుందని విద్యార్థులకు విడమరచి చెప్పాలి. మన ప్రాంగణాల్లో ఇంటర్ విద్యార్థులు కూడా ఉండవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివారు బాధితులుగా, సాక్షులుగా, నిందితులుగా ఉన్న కేసుల్లో కూడా ఈ గోప్యత పాటించాలి.

ఆత్మహత్య వార్త ఏ కళాశాలకూ రాకూడదు, కానీ వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. ఎలా చనిపోయారో వివరించకూడదు, ఒకే కారణాన్ని అంటగట్టకూడదు, చివరి ఉత్తరాన్ని, ఫొటోను పదేపదే చూపకూడదు. టెలీమానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416ను వార్తతో పాటు తప్పక ఇవ్వాలి. ఆ కుటుంబం ఇంటికి మైక్ పట్టుకొని వెళ్లవద్దని ఆ రోజే సూటిగా చెప్పండి.

పైనుంచి ఫోను వచ్చినప్పుడు

‘ఆ పోస్టు వెంటనే తీయించండి’ అని కరస్పాండెంట్ గారి నుంచో, ప్రకటన ఇచ్చిన వ్యాపారి నుంచో ఫోను వస్తుంది. మర్యాదగా వినండి, ఏ వాక్యం తప్పో అడగండి, రాసి పంపమని కోరండి. తప్పు నిజమైతే అదే రోజున, అదే చోట, అసలు వార్త ఎంత స్పష్టంగా వచ్చిందో అంత స్పష్టంగా సవరణ ప్రచురించాలి. తప్పు లేకపోతే వారి వివరణను వారి మాటల్లోనే వేస్తామని చెప్పాలి. గుట్టుగా తొలగించడం వల్ల ఎవరికీ మేలు జరగదు. స్క్రీన్‌షాట్లు అప్పటికే హాస్టళ్లకు చేరి ఉంటాయి. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ నేల చరిత్రను గుర్తుచేయడం తప్పు కాదు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం 1874లో పత్రిక ప్రారంభించి, అధికారుల లంచగొండితనాన్ని పేర్లకు భయపడకుండా ఎండగట్టారు. ఆయన విగ్రహానికి దండలు వేసే కళాశాలలు మెస్ బిల్లు మీద రాసిన వార్తను భరించగలగాలి.

మనుషులు, సమయం, డబ్బు, తాళాలు

సమావేశాన్ని తరగతులు అయ్యాక పెట్టకండి. లంకల నుంచి, దూరపు ఊళ్ల నుంచి వచ్చే డే స్కాలర్లు కళాశాల బస్సు వెళ్లిపోతుందని, రేవులో పంటు దొరకదని ముందే లేచిపోతారు. ఆడపిల్లలకు చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న నియమం ఉంటుంది. అలా కొన్ని నెలలు గడిస్తే సంపాదక వర్గంలో హాస్టల్ అబ్బాయిలు మాత్రమే మిగులుతారు, వార్తలూ వారివే అవుతాయి. మధ్యాహ్న భోజన విరామం మంచి సమయం. ఎంపికలో మార్కులను, ప్రసంగాల బహుమతులను పక్కన పెట్టి, అందరి చేత ఒక చిన్న వార్త రాయించి చూడండి.

ప్రకటనల డబ్బు సలహాదారు జేబులోకి గానీ, సంపాదకుడి ఫోన్‌పే ఖాతాలోకి గానీ వెళ్లకూడదు. కళాశాల ఖాతాలో విడి పద్దు పెట్టి, రసీదు ఇచ్చి, సంవత్సరాంతంలో లెక్కను నోటీసు బోర్డులో అంటించాలి. వార్తలు రాసేవారు ప్రకటనలు అడగడానికి వెళ్లకూడదు.

అచ్చు దగ్గర ఒక సాంకేతిక చిక్కు ఉంది. విద్యార్థులు ఫోన్లలో యూనికోడ్‌లో టైపు చేస్తారు. డీటీపీ సెంటర్లలో చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లే వాడతారు. మార్పిడిలో ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. అందుకని ప్రూఫు చదవడం మార్పిడికి ముందు కాకుండా పేజీ తయారయ్యాక జరగాలి. వ్యక్తుల పేర్లను, ఊరి పేర్లను ఒకరు చదువుతుంటే మరొకరు అసలు ప్రతితో పోల్చాలి.

చానెల్‌ను ఫైనలియర్ విద్యార్థి సొంత నంబరుతో తెరిచి ఉంటే, ఆ విద్యార్థి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయిన మరుసటి ఏడాది పాస్‌వర్డ్ ఎవరికీ దొరకదు. ప్రతి ఖాతాకూ కళాశాల ఈమెయిల్ వాడాలి, రికవరీ నంబరు కార్యాలయానిదై ఉండాలి, రెండంచెల ధ్రువీకరణ బ్యాకప్ కోడ్‌లను ముద్రించి సీల్డ్ కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో పెట్టాలి. కవరు తెరిచిన తేదీని, తెరిచినవారి పేరును పుస్తకంలో రాయాలి. లేకపోతే అదే కవరు పోస్టులు తొలగించే సాధనం అవుతుంది. వార్షిక పరీక్షలకు కనీసం రెండు నెలల ముందే తదుపరి సంపాదకులను ఎంపిక చేసి, పాతవారితో కలిసి కనీసం ఒక సంచిక తీయించండి. ఆ సంచికతో సహా ఏడాది పొడవునా వచ్చిన ప్రతులన్నిటినీ బైండు చేయించి, ఒకటి కళాశాల గ్రంథాలయానికి, వీలైతే ఇంకొకటి రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి అందజేయండి. వీడియోలను మాత్రం చానెల్ మీదే వదిలేయక విడి హార్డ్‌డిస్కులో దాచి, ఏ ఫైలు ఏ తేదీదో చెప్పే జాబితాను కొత్త సంపాదకుల చేతికి ఇవ్వండి.