ఇంటిపై సోలార్: ఎన్ని కిలోవాట్లు, ఎంత ఖర్చు, ఎంత సబ్సిడీ

సోలార్ పెట్టించుకోదలచినవారు ముందుగా గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులను దగ్గర పెట్టుకుని, యూనిట్లన్నీ కూడి పన్నెండుతో భాగించాలి. మే నెల బిల్లు ఒక్కటే చూసి నిర్ణయించుకుంటే అవసరానికి మించి కొనడం ఖాయం. మన ఎండకు ఒక కిలోవాట్ నెలకు సగటున 100 యూనిట్లకు పైగానే ఇస్తుంది కనుక, 300 యూనిట్లు వాడే ఇంటికి 3 కిలోవాట్లు చాలు.

2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద కేంద్రం తొలి రెండు కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తుంది. 5 కిలోవాట్లు పెట్టించినా సబ్సిడీ 78,000 దాటదు. అందుకే మధ్యతరగతి ఇంటికి 3 కిలోవాట్ల దగ్గర ఆగడమే మేలని నా అభిప్రాయం. దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే ఈ సబ్సిడీ వర్తిస్తుంది కాబట్టి, ఆ మాట కొటేషన్‌లో రాయించుకోవాలి.

సబ్సిడీ ముందుగా రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు (మనం లైను నుంచి తీసుకున్న యూనిట్లను, లైనుకు ఇచ్చిన యూనిట్లను లెక్కించే మీటరు) పెట్టి, తనిఖీ ముగిశాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది. కొటేషన్ 2,00,000 రూపాయలనుకుంటే ఆ మొత్తాన్ని సొంతంగానో బ్యాంకు రుణంతోనో సర్దుకోవాలి. సబ్సిడీ పోగా మిగిలేది 1,22,000. బిల్లులో నెలకు 2,000 తగ్గితే సుమారు ఐదేళ్లలో పెట్టుబడి తిరిగివస్తుంది. సోలార్ యూనిట్లు ఎక్కువ రేటుండే పై స్లాబు నుంచే తగ్గుతాయి కాబట్టి ఎక్కువ వాడేవారికి లాభం త్వరగా కనిపిస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద ఇప్పటికే సున్నా బిల్లు అందుకుంటున్నవారు మాత్రం తొందరపడనక్కరలేదు.

మీటరు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వారి పేరుతోనే చేయాలి. తాతగారి పేరున ఉండిపోయిన సర్వీసులు ఎన్నో ఉన్నాయి. పేరు మార్పు ముందే చేయించుకోవాలి.

కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. నీడను డిసెంబరులో చూడాలి: అప్పుడు సూర్యుడు దక్షిణాన కిందుగా వెళ్తాడు కనుక, వేసవిలో అడ్డురాని వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ డాబా మీద బారుగా పరుచుకుంటాయి.

బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది; లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా ఈ ఏర్పాటు చేశారు. కాబట్టి ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరును అమ్మేయకండి.