మాడిఫై చేసిన కారు పొద్దున్నే వణుకుతోందా? లోపం వెతికే వరస ఇది

స్పోర్ట్స్ కారులో నాలుగు మార్పులు చేయించాక చల్లని స్టార్ట్‌లో ఇంజిన్ వణికితే, అందరూ ముందు అనే మాట "ట్యూన్ సరిగ్గా లేదు" అనే. నేను మాత్రం ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు) జోలికి చివర్లోనే వెళ్తాను. ఎక్కడో గాలి లీకవుతుండగా, దాన్ని కప్పిపుచ్చేలా ఫ్యూయల్ పెంచి మ్యాప్ (ఆ సెట్టింగుల పట్టిక) రాయించుకుంటే అసలు లోపం ఇక దొరకదు.

పూర్తిగా చల్లారిన ఇంజిన్ మామూలుగా రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. "ఒకసారి చూద్దాం" అని అర నిమిషం నడిపి ఆపేశారంటే ఆ రోజు పరీక్ష అయిపోయినట్టే. అందుకే కారు కంప్యూటర్ రీడింగులు చూపించే స్కానర్‌ను రాత్రే సిద్ధం చేసుకోండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం, మాఫ్ (లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచేది) లేదా మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో గాలి పీడనాన్ని కొలిచేది, పైన చెప్పిన పట్టిక కాదు) రీడింగ్, ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఇంజిన్ కంప్యూటర్ తనంతట తాను ఫ్యూయల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో), సిలిండర్ల వారీగా మిస్‌ఫైర్ (మండకుండా తప్పిపోవడం) లెక్క రికార్డవ్వాలి. కారు ఆరుబయటే ఉండాలి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

పొద్దున కీ ఆన్ చేసి, ఇంజిన్ తిప్పకుండా రెండు ఉష్ణోగ్రతలూ చూడండి. రాత్రంతా ఆగిన కారులో అవి దాదాపు ఒకేలా ఉండాలి. గాలి 18 డిగ్రీలు చూపిస్తుంటే కూలెంట్ 40 అంటోందనుకోండి, ఇంజిన్ వేడిగానే ఉందని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నమ్మి ఫ్యూయల్ తగ్గించేస్తుంది. చల్లని ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, గాలి లోపలికి వెళ్లే పోర్టు గోడలకు అంటుకుంటుంది. అదనంగా ఇవ్వాల్సిన సమయంలోనే తక్కువ పడితే వణకక ఏం చేస్తుంది?

ఇప్పుడు స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా వినండి. క్యాటలిస్ట్ (పొగను శుభ్రం చేసే భాగం) త్వరగా వేడెక్కాలని చాలా కార్లు మొదట్లో ఆర్‌పీఎం పెంచి, ఇగ్నిషన్‌ను ఆలస్యం చేస్తాయి. అప్పటి మోటు శబ్దం లోపం కాదు. మీరు తేల్చాల్సింది ఒక్కటే: ఇంజిన్ దెబ్బ లయగా ఒకేచోట తప్పుతోందా, లేక ఆర్‌పీఎం మొత్తంగా పైకీ కిందికీ ఊగుతోందా?

లయగా తప్పుతుంటే అనుమానం ఒక్క సిలిండర్ మీదే. మిస్‌ఫైర్ లెక్కలో ఏ సిలిండరో చూసి, దాని కాయిల్‌ను (స్పార్క్‌కు కరెంట్ ఇచ్చేది) పక్క సిలిండర్‌కు మార్చండి. మర్నాడు మిస్ కూడా అక్కడికే వెళ్తే కాయిల్ పోయినట్టే. వెళ్లకపోతే ప్లగ్ తీయండి. టర్బో కార్లకు బూస్ట్ కోసం కోల్డ్ ప్లగ్‌లు (వేడిని త్వరగా వదిలేసేవి) వేస్తారు. అవి తమ మీది మసిని తాము కాల్చుకునేంత వేడెక్కక, చిన్న చిన్న దూరాలు తిరిగే కారులో నల్లబడిపోతాయి. ప్లగ్ పెట్రోల్‌తో తడిగా ఉంటే స్పార్క్ లేకపోయి ఉండాలి, లేదా ఇంజెక్టర్ రాత్రంతా కారుతూ ఉండాలి. మిస్ మొదటి నిమిషంలోనే ఉండి, తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే మాత్రం ఇంకోసారి స్టార్ట్ చేయకండి. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీల్) పరీక్ష చేయించండి.

ఆర్‌పీఎం ఊగుతుంటే నేను వెతికేది వాక్యూమ్ లీక్, అంటే ఇంజిన్‌లోకి గాలి దొంగదారిన దూరే చోటు. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే చాలా తక్కువ, అందుకే చిన్న చీలిక కూడా పెద్ద తేడా చేస్తుంది. వేడెక్కాక రబ్బరు సాగి ఆ చీలిక మూసుకోవచ్చు. అందువల్ల స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీక్ పట్టే పరీక్ష) కూడా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయించాలి. నా కారులో బూస్ట్ గేజ్ కోసం పైపు మార్చినప్పుడు మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) మీద మిగిలిన ఒక నాజిల్‌కు రబ్బరు టోపీ పెట్టి ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. పొగ మాత్రం దాని అడుగు నుంచి సన్నటి దారంలా వచ్చింది. వేలితో తిప్పి చూస్తే అంచు పొడవునా చీలి ఉంది. స్మోక్ మెషీన్ లేకపోతే ట్రిమ్‌లు చూడండి: వేడెక్కాక ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నాకు దగ్గరైతే లీక్ ఉన్నట్టే అనుకోవచ్చు. ఇది మాఫ్ ఉన్న కార్ల లెక్క. మ్యాప్ సెన్సర్‌తో నడిచేవాటిలో అదే లీక్ ఎక్కువగా ఐడిల్ పెరగడంలా కనబడుతుంది.

లీక్ లేదని తేలాకే పార్టుల లెక్కలు. ఇన్‌టేక్ మార్చినప్పుడు మాఫ్ కూర్చునే పైపు వ్యాసం మారితే పాత స్కేలింగ్ (సెన్సర్ సిగ్నల్‌ను గాలి లెక్కగా మార్చే పట్టిక) పనికిరాదు. ఆయిల్ పూసిన ఫిల్టర్ అయితే సెన్సర్ తీగ మీద జిడ్డు చేరిందేమో చూడండి, దాని కోసమే అమ్మే క్లీనర్ తప్ప వేరేది కొట్టకండి. పెద్ద ఇంజెక్టర్లు వేసిన చోట డెడ్ టైమ్ (కరెంట్ అందాక ఇంజెక్టర్ తెరుచుకోవడంలో జరిగే ఆలస్యం) ముఖ్యం. ఐడిల్‌లో ఇంజెక్టర్ పల్స్ 2 మిల్లీసెకన్ల దరిదాపుల్లోనే ఉంటుంది, కాబట్టి 0.2 తప్పినా 10 శాతం తేడా. పైగా స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే డెడ్ టైమ్ పెరుగుతుంది. ట్యూన్‌లోని డెడ్ టైమ్ పట్టిక 14 వోల్టుల దగ్గరే సరిగ్గా ఉంటే చాలదు. ఓవర్‌ల్యాప్ (గాలి వచ్చే, పొగ పోయే వాల్వులు ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్‌లయితే కొంత కుదుపు వేడిలోనూ ఉంటుంది, దానికి ఐడిల్ కాస్త పెంచుకోవడమే మార్గం.

ఇవన్నీ దాటాక ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. మొదటి క్రాంక్ నుంచి కూలెంట్ 80 డిగ్రీలు చేరేదాకా ఉన్న లాగ్ (స్కానర్ రికార్డు) ఇచ్చి, స్టార్ట్ తర్వాతి, వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ (అదనపు ఫ్యూయల్) పట్టికలు మాత్రమే సరిచేయమనండి. వేడి ఇంజిన్ మ్యాప్‌ను ముట్టుకోవద్దని విడిగా చెప్పండి.