వానల్లో అనంతగిరి కొండలకు వెళ్తున్నారా? ముందు గెడ్డ సంగతి తెలుసుకోండి

నాలుగు వానలు పడ్డాయంటే విశాఖ కుర్రాళ్లకు కాలు నిలవదు. ఆదివారం చీకటితోనే బయలుదేరి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేస్తారు. ఏళ్లుగా నేనూ అలా తిరుగుతున్నవాణ్ణే, వెళ్లొద్దని చెప్పను. గెడ్డల (కొండవాగుల) విషయం తెలియకుండా మాత్రం వెళ్లకండి.

సముద్రంలో అల వచ్చేది కనిపిస్తుంది. గెడ్డలో వరద వచ్చేది కనిపించదు. మీరున్న చోట ఎండ కాస్తుంటుంది, నీళ్లు చీలమండ దాకానే ఉంటాయి. ఎక్కడో ఎగువన కొండ మీద కుండపోతగా కురిసి ఉంటుంది. వాలు ఎక్కువ కాబట్టి ఆ నీళ్లు ఎక్కడా ఆగకుండా మీ మీదికే వస్తాయి. ఒకసారి మేం గెడ్డ దాటి అవతల ఒడ్డున భోజనం చేసి లేచేసరికి, అడుగులు వేసి వచ్చిన రాళ్లలో ఒక్కటీ పైకి కనిపించలేదు. అరగంట కూడా కాలేదు. పశువులు కాసే పెద్దాయన అవతలి గట్టు మీంచి "దిగకండి బాబూ, అదే తగ్గిపోద్ది" అని అరవకపోతే మాలో ఒకడు దిగేసేవాడే. మూడు గంటలు తడుస్తూ కూర్చున్నాం. అందరం ఇంటికొచ్చాం.

తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వస్తువులు సర్దుకోవడానికి కూడా ఆగకండి. వెంటనే గట్టెక్కండి. మోకాలి లోతు నీళ్లే కదా అనుకోవద్దు, ఆ ఉరవడికి గట్టి మనిషి కూడా నిలవలేడు. కారైనా బైకైనా రోడ్డు మీద పారే నీళ్లలోకి దించకండి, కింద రోడ్డు కోసుకుపోయి ఉండొచ్చు.

కటికి లాంటి జలపాతాల దగ్గర ధార కింద మడుగులోకి దిగడం నాకు అసలు ఇష్టం లేదు. లోతు తెలియదు, రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది. స్థానిక గైడ్ వద్దంటే ఆ మాట వినండి. మందు తాగి నీళ్లలోకి దిగే స్నేహితుణ్ణి చెయ్యి పట్టుకుని ఆపండి, తిట్టినా ఫర్వాలేదు.

ఘాట్ దిగేటప్పుడు, ఎక్కడానికి వాడిన గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టదు. మంచులో హైబీమ్ వేస్తే కాంతి మీ కళ్లలోకే తిరిగొస్తుంది, లోబీమ్ చాలు. చీకటి పడకముందే కిందికి వచ్చేయండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి. అల్పపీడనం హెచ్చరిక ఉంటే ఆ వారం మానుకోండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. నొప్పి తెలియదు కాబట్టి కుట్టినట్టే అనిపించదు. నిండు ప్యాంటు, సాక్సులు వేసుకోండి. గడ్డి మీద నేరుగా పడుకోవద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి. ఈ ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో మలేరియా కూడా ఉంది, దోమల క్రీము మరవకండి. వచ్చిన రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే సొంతంగా మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. చంకల్లో, నడుము దగ్గర పురుగు కుట్టిన చోట సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూసుకోండి. పెచ్చు ఉన్నా లేకున్నా, కొండలకు వెళ్లొచ్చామని డాక్టరుకు అడక్కముందే చెప్పండి.