సొంత కుంట కట్టను కాచుకోవడం: మరవ, ఊట, తూము

తోటకో, కోళ్ల షెడ్లకో, హాస్టలుకో నీళ్లిచ్చే సొంత కుంట అనంతపురం, కడప వైపు ఎలా ఉంటుందో తెలిసిందే. వంకకు అడ్డంగా పది పదిహేను అడుగుల మట్టికట్ట, ఒక కొసన ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ, అడుగున నీళ్లు వదిలే తూము పైపు. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్ల ఎత్తు దాటిన వాటిని, 10–15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ లాంటి షరతులకు తగిన వాటిని మాత్రమే పట్టించుకుంటుంది. మీ కుంట దాని లెక్కలోకి రాదు. కాబట్టి ఏటేటా వచ్చి కట్ట చూసిపోయే ఇంజినీరు ఉండడు. చూసుకోవాల్సింది మీరే, గండి పడి కింద చేలు కోసుకుపోతే జవాబు చెప్పాల్సిందీ మీరే.

మొదట మరవ దగ్గరికి నడవండి. నీళ్లు మట్టికట్ట నెత్తికెక్కి పొర్లితే కట్ట నిలవదు. వెనక, అంటే నీళ్లు లేని వైపు, వాలు కింది నుంచి కోసుకుంటూ పైకి వచ్చి, చూస్తుండగానే గండి అవుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట పోయింది ఇలాగే. పైనున్న పింఛ కట్ట తెగిన నీళ్లు తోడయ్యాయి, ఉన్న ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మీ కుంటకు గేట్లు లేవు, ఉన్నదల్లా మరవే. అది మూసుకుంటే గేటు పడిపోయినట్టే. మీ కుంటకు పైన ఇంకో కుంట ఉంటే దాని కట్ట ఎలా ఉందో కూడా వానకాలానికి ముందు ఒకసారి చూసి రావాలి.

అనంతపురానికి ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. తక్కువే, కానీ పడిననాడు కుమ్మరిస్తుంది. కుంటలోకి 250 ఎకరాల, అంటే 100 హెక్టార్ల నీళ్లు దిగుతాయనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల జోరున పడి, అందులో సగం పారి వస్తే సెకనుకు 7 ఘనపు మీటర్లు. మరవ మీద అర మీటరు మందాన నీళ్లు పారితే ఒక్కో మీటరు వెడల్పుకు పోయేది దాదాపు 0.6 ఘనపు మీటరు. అంటే 12 మీటర్ల వెడల్పు మరవ కావాలి. ఆ అర మీటరు మీద ఇంకో మీటరు కట్ట మిగలాలి, కనుక మరవ మట్టానికి కట్ట నెత్తి ఒకటిన్నర మీటరు పైన ఉండాలి. ఈ లెక్క ముందుచూపుకే. కింద ఊరుంటే ఇంజినీరు చేత వేయించుకోండి.

దారి కోసమని మరవను పూడ్చి అడుగు సైజు సిమెంటు పైపులు రెండు పెట్టేవాళ్లున్నారు. అలాంటి పైపు ఒకటి సెకనుకు 0.2 ఘనపు మీటరు వదిలితే గొప్ప. పై వరదకు 35 పైపులు కావాలి! ఇంకో అడుగు నీళ్లు ఆగుతాయని మరవ మీద ఇసుక మూటలు పేర్చడం, చేపలు పోకుండా వల కట్టడం కూడా అంతే. వలకు కంప, ప్లాస్టిక్ కవర్లు తట్టుకుని పావు గంటలో గోడైపోతుంది. చేపలు కావాలనుకుంటే వలను మరవకు నాలుగైదు మీటర్ల లోపల, మరవకు రెండింతల వెడల్పున కట్టి, వాన రాత్రి తీసేయడానికి మనిషిని పెట్టండి. ఆ మనిషి దొరకడు అనుకుంటే వల మానేయడం మేలు.

కట్ట నెత్తి సమంగా ఉందా లేదా కంటితో తెలియదు. మేస్త్రీలు వాడే ట్యూబు లెవెలుతో పది మీటర్లకో గుంజ పాతి కొలవండి. ట్రాక్టరు తిరిగిన జాడ, పశువులు దిగే చోటు, నడిమి భాగం అర అడుగు కుంగి ఉంటాయి. ఎత్తు ఎక్కువున్న నడిమధ్యే కుంగిందంటే, మరవ ఎంత వెడల్పున్నా నీళ్లు ముందు అక్కడే ఎక్కుతాయి.

ఇక ఊట. మట్టికట్ట అన్నాక కొంత ఊరుతుంది, దానికి గాబరా అక్కర్లేదు. అయినా పెద్దలు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాల్లో కట్ట నుంచి నీరు కారడాన్ని చేర్చింది. మీరు చూడాల్సినవి రెండు: ఊట పెరుగుతోందా, మట్టిని మోసుకొస్తోందా.

కట్ట వెనక కాలి దగ్గర ఎండాకాలంలోనూ తుంగ పచ్చగా ఉన్న చోటే ఊట ఉంటుంది. అక్కడి నీళ్లన్నీ ఒకే చిన్న కాలువలోకి వచ్చేలా చేసి, అడ్డంగా ఒక రేకు నిలబెట్టండి. రేకుకు 90 డిగ్రీల కోణంలో వి ఆకారం గాటు కోయించాలి. రేకుకు కాస్త ఎగువన, నీళ్లు నిలకడగా ఉన్న చోట, గాటు మొన మట్టం నుంచి నీటి ఎత్తు కొలవాలి. 5 సెంటీమీటర్లుంటే సెకనుకు ముప్పావు లీటరు, 10 ఉంటే దాదాపు 4.4 లీటర్లు. ఎత్తు రెండింతలైతే ఊట అయిదారింతలు అయిందన్నమాట, అందుకే స్కేలు మీద ఒక సెంటీమీటరు తేడాను కూడా వదలకూడదు. అదే నీళ్లను తెల్ల గాజుసీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపల కోసుకుపోతోంది. ఊట కొద్దిగా ఉన్నా సరే, ఇది బుంగకు, అంటే కట్టలో ఆరపార బొక్క పడడానికి, మొదలు.

నోటుబుక్కులో నాలుగు గడులు చాలు: తేదీ, కుంటలో నీటి మట్టం, గాటు దగ్గర ఎత్తు, ఆ వారం వాన. వారానికోసారి, కుంట నిండుగా ఉన్నప్పుడు రోజూ. నీటి మట్టం మారకుండా ఊట ఎక్కువైందా, అనుమానించండి. ఉన్నట్టుండి తగ్గినా సంబరపడొద్దు, దారి మార్చుకుని ఇంకోచోట తేలుతుంది.

కట్ట వెనక నేలలోంచి నీళ్లు బుగ్గలా పొంగుతూ చుట్టూ మట్టిని గుండ్రంగా పేర్చుతుంటే, బంకమట్టి తెచ్చి నోరు మూయకండి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. చుట్టూ ఇసుక మూటలు గాజులా పేర్చి, లోపల అర అడుగు ముతక ఇసుక, దాని మీద అర అడుగు చిప్స్ కంకర, ఆపైన అర అడుగు 40 ఎంఎం కంకర వేయండి. వచ్చే నీళ్లు తేటపడితే గెలిచినట్టు. బంకమట్టి, టార్పాలిన్ పని చేసేది కుంట లోపలి వైపు, నీళ్లు దూరే నోటి దగ్గర. ఒకవైపు ఇది చేస్తూనే కుంటలో నీటి మట్టాన్ని దించాలి.

దించడంలోనూ తొందర పనికిరాదు. తడిసిన లోపలి వాలుకు నీళ్లే ఆనిక. ఒక్కసారిగా దించితే వాలు జారి కుంటలోకి కూర్చుంటుంది. మామూలుగా రోజుకు అడుగు దాటనివ్వకండి. బుంగ పడి ప్రాణాల మీదికొస్తే మాత్రం ఈ నియమం పక్కన పెట్టాల్సిందే.

తూము కవాటం తుప్పు పట్టి కదలకపోతే 160 ఎంఎం పైపును కట్ట మీదుగా వేసి సైఫన్ పెట్టొచ్చు. ఎత్తు తేడా 3 మీటర్లు, పైపు 30 మీటర్లయితే సెకనుకు 40 లీటర్ల పైనే, అంటే రోజుకు 34 లక్షల లీటర్లు పోతాయి. నీటి మట్టం నుంచి పైపు మెడ, అంటే కట్ట నెత్తి మీద వంగే చోటు, 6 మీటర్లు దాటితే గాలి పట్టి ధార తెగిపోతుంది. అసలు కవాటం ఎప్పుడూ లోపలి వైపు ఉండాలి. బయటివైపు పెడితే కట్ట కడుపులోని పైపులో రాత్రింబవళ్లు ఒత్తిడి ఉంటుంది, ఒక్క జాయింటు వదిలినా నీళ్లు పైపు వెంబడే దారి చేసుకుంటాయి. నెలకోసారి కవాటాన్ని పూర్తిగా తెరిచి మూయండి.

కట్ట మీద కంప, వేప మొక్కలుగా ఉన్నప్పుడే పీకేయాలి. మాను పెద్దదయ్యాక కొట్టి వదిలేస్తే వేరు కుళ్లి లోపల గొట్టం మిగులుతుంది. మొద్దును వేళ్లతో సహా తవ్వి పూడ్చాలి. ఎండ్రకాయలు, పందికొక్కులు తోడిన బొరియలకూ ఇదే.

నల్లరేగడి కట్టకు మే నెలలో నెర్రెలు వస్తాయి. కట్ట పొడవునా పోయే నెర్రె కొంత నయం, అడ్డంగా లోపలి నుంచి బయటికి పోయేది ప్రమాదం. సున్నపు నీళ్లు కలిపి అందులో పోయండి. తర్వాత తవ్వుతుంటే తెల్లచార నెర్రె ఎంతవరకు దిగిందో చూపిస్తుంది. చార ఆగిన చోటికి ఇంకో అడుగు కిందికి తవ్వి, కట్టలో ఉన్నలాంటి మట్టినే అర అడుగు వరసలుగా పోసి దిమ్మిసతో కొట్టాలి. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, చేతికి తడి అంటకూడదు, ఆ పదునుండాలి. పొడిమట్టి నింపి పైన నీళ్లు చల్లితే మొదటి వానకే కుంగుతుంది.

కింద వంక ఒడ్డున ఎవరెవరున్నారో, వాళ్ల ఫోన్ నంబర్లు, సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు, తహసీల్దారు ఆఫీసు నంబర్లు, అత్యవసర నంబరు 112, ఇవన్నీ మోటారు గది తలుపు మీద పెయింటుతో రాయించండి. కాగితమైతే చెదలు తినేస్తాయి. నీళ్లు నెత్తికి అడుగు దూరంలో ఉండగానే ఫోన్లు మొదలవ్వాలి. పొర్లాక చేస్తే కింద వాళ్లు గొడ్లను విప్పుకునే టైము కూడా ఉండదు. అదనపు దారి తీయాల్సి వస్తే మరవ పక్కన కట్టకు దూరంగా గట్టినేలలో తీయండి, కట్టను మాత్రం జేసీబీతో తాకనివ్వకండి.

మరమ్మతు చేసిన కట్టకు తొలి నింపు మూడడుగుల దగ్గర ఆపి నాలుగైదు రోజులు ఊట కొలవండి. నిలకడగా ఉంటేనే ఇంకో మూడడుగులు ఎక్కనివ్వాలి. వరద ఆగదు కాబట్టి ఈ రోజుల్లో తూము తెరిచే ఉంచాలి.