మాగ్నమ్ తూటాల్లో రాగి పూత బుల్లెట్లు వాడే ముందు

గాజువాక ఆటోనగర్‌లో నాకు ఎలక్ట్రోప్లేటింగ్ షాపు ఉంది. మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ నవంబరు మొదటి శనివారం జింకల వేట సీజన్ మొదలవుతుంది, దానికి ముందు నెల రోజులు వాడూ, వాడి ఆఫీసులో ఉన్న మన తెలుగు కుర్రాళ్లూ గ్యారేజీలో కూర్చుని రివాల్వర్ ప్రాక్టీసుకి తూటాలు వాళ్లే నింపుకుంటారు, అంటే కేస్ అనే ఇత్తడి గొట్టంలో మందు (తుపాకీ పొడి) పోసి, దాని మూతిలో బుల్లెట్ బిగిస్తారు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న పనే. కానీ పోయిన ఏడాది వాడు వాట్సాప్‌లో పంపిన రెండు ఫోటోలు చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈసారి సీజన్ రాకముందే ఇది రాస్తున్నాను.

మొదటి ఫోటోలో టార్గెట్ కాగితం. గుండ్రంగా పడాల్సిన చిల్లుల్లో మూడు పొడుగ్గా ఉన్నాయి, అంటే బుల్లెట్ నేరుగా వెళ్లకుండా పల్టీ కొడుతూ పక్కకి తిరిగి తగిలింది. రెండో ఫోటోలో పేల్చని తూటాలోంచి వెనక్కి లాగిన బుల్లెట్, దాని నడుము చుట్టూ రాగి తెగి లోపలి సీసం కనబడుతున్న సన్నటి ఉంగరం. "అన్నయ్యా, నువ్వు పూత పనివాడివి కదా, ఇదెందుకిలా అయింది?" అని అడిగాడు.

పూత వేరు, తొడుగు వేరు. జాకెటెడ్ బుల్లెట్‌కి ఉండేది తొడుగు, రాగి మిశ్రమం రేకుని గిన్నెలా సాగదీసి అందులో సీసం కూర్చి చేస్తారు. ప్లేటెడ్ బుల్లెట్ అంటే మెత్తని సీసం ముద్ద మీద కరెంటుతో ఎక్కించిన రాగి. మా షాపులో వేసే రాగి పది, ఇరవై మైక్రాన్లు ఉంటుంది, బుల్లెట్ మీద అంతకన్నా చాలా మందంగానే వేస్తారు, అయినా అది తొడుగంత మందం కాదు, అంత గట్టిదీ కాదు. పూత పట్టు ఎలా ఉందో చూడాలంటే మేం రేకుని వంచి చూస్తాం, అంచుని ఆకురాయితో గీకి చూస్తాం. అడుగున లోహం మెత్తనిదైతే పైన ఎంత మంచి పూత వేసినా గీత పడిన చోట తెగుతుంది, తెగిన చోట నుంచే లేస్తుంది. తమ్ముడు చేసింది అదే. వాడు మాగ్నమ్ (ఎక్కువ బలంతో పేలే తూటా) కదా అని కేస్ మూతిని బుల్లెట్ మీదికి గట్టిగా మడిచేశాడు, ఆ అంచు కత్తిలా పూతలోకి దిగింది.

తెగిన పూత కాగితం మీద పొడుగు చిల్లులతో సరిపెడితే అదృష్టమే. అసలు భయం వేరే ఉంది. సీసం బయటికి పోయి రాగి చిప్ప బారెల్లోనే ఉండిపోవచ్చు, దాని వెనకాల ఇంకో గుండు పేలిస్తే బారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. శబ్దం ఎప్పటిలా కాకుండా తుస్సుమన్నా, చేతికి తన్ను తక్కువగా అనిపించినా, అక్కడితో ఆపేసి తూటాలన్నీ తీసి బారెల్లోంచి అటు వెలుతురు కనబడుతుందో లేదో చూడండి. పక్కనున్నవాళ్లు "ఇంకోటి కొట్టు" అన్నా సరే, చూడకుండా కొట్టొద్దు.

ఇక వేగం సంగతి. మామూలు పూత బుల్లెట్‌ని సెకనుకి 1200, 1250 అడుగులు దాటించొద్దని తయారీదార్లు చెబుతారు, మందం పూత రకాలకి కొందరు 1500 దాకా ఒప్పుకుంటారు. మీ పెట్టె మీద ఏముందో అదే మీకు హద్దు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్‌లో 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) బుల్లెట్‌ని పూర్తి బలంతో కొడితే 1400 పైన పోతుంది. అది తొడుగు బుల్లెట్ చేసే పని. పీడనం లెక్కా గుర్తుంచుకోండి, తక్కువ బలం ఉన్న .38 స్పెషల్ తూటాకి గరిష్ఠ హద్దు 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే .357కి 35,000, అంటే రెట్టింపు పైమాట. కాబట్టి జాకెటెడ్ బుల్లెట్లకి ఎంత మందు పోయాలో చెప్పే పట్టికలోని ఆఖరి (గరిష్ఠ) అంకెని చూసి పూత బుల్లెట్‌కి మందు పోయకూడదు. బుల్లెట్ కంపెనీ ఇచ్చిన పట్టిక ఉంటే అదే వాడండి, లేకపోతే అదే బరువున్న బుల్లెట్‌కి అచ్చు పుస్తకంలో ఉన్న మొదటి అంకెతో మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్ పెట్టి వేగం కొలుస్తూ, మధ్యలోనే ఆగండి.

ఇక్కడే చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. హెచ్110, డబ్ల్యు296 లాంటి నెమ్మదిగా మండే మందుని తగ్గించి పోస్తే వేగం తగ్గుతుంది కదా అనుకుంటారు. వాటిని 3 శాతం కన్నా తగ్గించొద్దని కంపెనీయే హెచ్చరిస్తుంది, తగ్గిస్తే సరిగా మండక బుల్లెట్ బారెల్లో ఇరుక్కోవచ్చు, పైగా వాటికి గట్టి క్రింప్ (కేస్ మూతిని బుల్లెట్ మీదికి మడిచే బిగింపు) కావాలి, మన పూతకి పడనిది అదే. అవి జాకెటెడ్‌కి వదిలేయండి. పూత బుల్లెట్‌కి మధ్యరకం మందు మంచిది. బాగా వేగంగా మండే మందు ఎంచుకుంటే మాత్రం ఒక సంగతి, ఆ పెద్ద కేస్‌లో అది అడుగున చిటికెడంత ఉంటుంది, రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికి ఆనదు. బుల్లెట్ పెట్టే ముందు ట్రే మొత్తం మీద టార్చి వేసి ఒక్కో కేస్ లోపలికి చూడాల్సిందే, ఫోన్ మోగినా, పిల్లాడు పిలిచినా, మధ్యలో లేస్తే ఆ కేస్ ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి.

కేస్ మూతిని ముందు కాస్త విప్పార్చండి, లేకపోతే బుల్లెట్ దిగేటప్పుడే పూత చెక్కుకుపోతుంది. తర్వాత ఆ విప్పారిన మూతి నిటారు అయ్యేంతవరకే టేపర్ క్రింప్‌తో (మడత లేకుండా మూతిని మెల్లగా లోపలికి నొక్కే క్రింప్) నొక్కండి. ఇలా నింపిన వాటిలో రెండు, మూడు పుల్లర్‌తో (బుల్లెట్‌ని బయటికి లాగే పనిముట్టు) ఊడదీసి బుల్లెట్ చూడండి. లేత గీత ఉంటే ఫరవాలేదు, గోరుకి తగిలే గాడి పడితే ఎక్కువైనట్టే.

మరి వదులుగా ఉంటే? రివాల్వర్ తన్నుకి మిగతా తూటాల్లో బుల్లెట్లు ముందుకి జరుగుతాయి, ఒక్కటి బయటికి పొడుచుకొచ్చినా సిలిండర్ తిరగదు. దీనికి తమ్ముడు చేసే పరీక్ష నాకు నచ్చింది: ఆరో తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకుంటాడు, మిగతా ఐదూ పేల్చి దాన్ని తీసి మళ్లీ కొలుస్తాడు. పొడవు పెరిగితే క్రింప్ చాలదు. క్రింప్ పెంచితే పూత తెగేటట్టుంటే ఆ బలం ఆ బుల్లెట్‌కి ఎక్కువని అర్థం, మందు తగ్గించండి, లేదా క్రింప్ కోసం ముందే గాడి చేసి ఉన్న జాకెటెడ్ బుల్లెట్లు కొనండి.

అదే తూటాని లీవర్ యాక్షన్ రైఫిల్‌లో (కిందున్న పిడిని ఆడించి తూటా ఎక్కించే పొడుగు తుపాకీ) వేసేవాళ్లు ఆగాలి. పొడుగు బారెల్లో వేగం వందల అడుగులు పెరగొచ్చు, రివాల్వర్‌లో 1200 ఉన్నది అక్కడ హద్దు దాటేస్తుంది. వేటకైతే పూత బుల్లెట్ అసలు వద్దు, అది కాగితం కొట్టడానికి చేసింది. జంతువుకి తగిలాక సరిగా విచ్చుకుంటుందన్న నమ్మకం లేదు, గాయపడి పారిపోయిన జింక ఎక్కడో పడి బాధపడుతుంది.

ఇక్కడ ఇండియాలో ఉన్నవాళ్లకి: ఇది మీరు ఇంట్లో చేసే పని కాదు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు, విడిభాగాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి.

సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. రేంజికి తీసుకెళ్లే బ్యాగుని విమానానికి వాడొద్దు. అడుగు కుట్టులో మిగిలిన ఒక్క తూటా విశాఖ ఎయిర్‌పోర్టు స్కానర్లో పడితే, తెలియక పెట్టుకున్నారని తర్వాత కోర్టులో తేలినా, ముందు పండగ పోలీస్ స్టేషన్లో గడుస్తుంది. తమ్ముడు ఇప్పుడు ఆ బ్యాగుని గ్యారేజీలో మేకుకి తగిలించి ఎర్ర రిబ్బను కట్టాడు, ఊరికొచ్చే సూట్‌కేసు పై గదిలో ఉంటుంది, దాన్ని మా మరదలే సర్దుతుంది.